పీహెచ్‌డీ ఎక్కడ ఆగిపోతుంది?

మధ్యలో మానేసిన స్కాలర్ గురించి డిపార్ట్‌మెంట్లలో వినపడే మాటలు ఏ యూనివర్సిటీలోనైనా దాదాపు ఒకేలా ఉంటాయి. ‘సీరియస్‌నెస్ లేదండీ’, ‘పెళ్లయింది, ఇంకేం రాస్తుంది’, ‘గ్రూప్స్ మీద పడ్డాడు’, ‘అసలు రీసెర్చ్ చేసే మనిషి కాదు’. ఈ మాటల్లో చాలా సౌకర్యం ఉంది. తప్పు మొత్తం వెళ్లిపోయిన మనిషి ఖాతాలో పడిపోతుంది. కాదని చెప్పడానికి ఆ మనిషి అక్కడ ఉండరు.

ఈ సౌకర్యాన్ని గట్టిగా ప్రశ్నించినవారిలో బార్బరా లొవిట్స్ ఒకరు. అమెరికాలో రెండు యూనివర్సిటీలను తీసుకుని, పీహెచ్‌డీ పూర్తి చేసినవారినీ మానేసినవారినీ పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధకురాలు ఆమె. 2001లో ‘లీవింగ్ ది ఐవరీ టవర్’ పేరుతో పుస్తకం వేశారు. చదువులో సత్తా లేనివాళ్లే మానేస్తారన్న నమ్మకానికి ఆమె లెక్కల్లో ఆధారం దొరకలేదు. రెండు గుంపుల గ్రేడ్లలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా ఉన్నది వేరే చోట. డిపార్ట్‌మెంట్ ఎలా నడుస్తుందో ముందే తెలుసా, కూర్చోవడానికి ఒక చోటు ఉందా, నలుగురితో మాట్లాడే సందర్భాలు ఉన్నాయా, గైడ్‌తో పని సాగుతోందా అన్నవి ఎవరు మిగులుతారో ఎవరు వెళ్లిపోతారో తేలుస్తున్నాయి. ఆమె గమనించిన ఇంకో సంగతి మరీ ముఖ్యం. వెళ్లిపోయేవాళ్లు చప్పుడు చేయకుండా వెళ్లిపోతారు, ఎందుకు వెళ్తున్నావని అడిగేవాళ్లూ ఉండరు. అందువల్ల కారణాలు డిపార్ట్‌మెంట్ చెవిన పడవు, మరుసటి బ్యాచ్ కూడా అదే గోతిలో పడుతుంది.

మానేసేవాళ్లు ఏ కొద్దిమందో కారు. అమెరికాలోని కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ 2008లో విడుదల చేసిన లెక్కల ప్రకారం, చేరిన పదేళ్లకు కూడా పట్టా చేతికొచ్చినవారు 57 శాతమే. ఇంజనీరింగ్‌లో 64 శాతం, జీవశాస్త్రాల్లో 63, సామాజిక శాస్త్రాల్లో 56, గణితం, భౌతిక శాస్త్రాల్లో 55, సాహిత్యం, చరిత్ర లాంటి మానవీయ శాస్త్రాల్లో 49 శాతం. వడపోసి వడపోసి చేర్చుకున్న విద్యార్థుల సంగతి ఇది. ల్యాబ్ ఉన్న సబ్జెక్టులు చాలావరకు పైన, ఒంటరిగా గదిలో కూర్చుని రాసే సబ్జెక్టులు కింద ఉండటం ఊరికే జరిగింది కాదు. ల్యాబ్‌లో ఒక పూట కనపడకపోతే ‘ఏమైంది?’ అని సీనియర్ అడుగుతాడు. చరిత్ర స్కాలర్ ఆరు నెలలు కనపడకపోతే ఆర్కైవ్స్‌లో ఉన్నాడనుకుంటారు.

భారతదేశంలో చేరేవారి సంఖ్య వేగంగా పెరిగింది. ఉన్నత విద్యపై కేంద్రం చేయించే సర్వే ప్రకారం 2014-15లో దేశంలో పీహెచ్‌డీ విద్యార్థులు 1.17 లక్షల మంది. 2021-22కి 2.12 లక్షలయ్యారు. ఇంతమంది లోపలికి వస్తున్నప్పుడు, పట్టాతోనో, మధ్యలో మానేసో బయటికి వెళ్లే రెండు దారుల గురించీ చేరకముందే తెలుసుకోవడం మంచిది.

డబ్బు సంగతి

స్కాలర్‌షిప్ గడువు, పరిశోధన గడువు వేర్వేరు గడియారాల మీద నడుస్తాయని అంబేడ్కర్‌కు బాగా తెలిసొచ్చింది. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో కొలంబియా యూనివర్సిటీకి వెళ్లి, 1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరారు. మరుసటి ఏడాదికే స్కాలర్‌షిప్ ముగిసింది. చదువు సగంలో వదిలి ఓడెక్కాల్సి వచ్చింది. వేరే ఓడలో వేసిన పుస్తకాలు జర్మన్ జలాంతర్గామి దెబ్బకు సముద్రం పాలయ్యాయి. అయితే లండన్ వదిలే ముందు ఆయన ఒక పని చేశారు. నాలుగేళ్లలోపు తిరిగొచ్చి చదువు కొనసాగించేందుకు యూనివర్సిటీ దగ్గర అనుమతి తీసుకున్నారు.

ఆ తర్వాత బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కొంత కూడబెట్టారు. కొల్హాపూర్ మహారాజు సాయం, ఒక పార్సీ మిత్రుడి అప్పు తోడయ్యాయి. 1920లో మళ్లీ లండన్. 1921లో ఎం.ఎస్సీ. డి.ఎస్సీ. సిద్ధాంత గ్రంథాన్ని పరీక్షకులు ఉన్నదున్నట్టు ఒప్పుకోలేదు, మార్పులు కోరారు. బొంబాయి నుంచి దిద్ది పంపితే 1923లో పట్టా వచ్చింది. కొలంబియా పీహెచ్‌డీ అయితే, గ్రంథం అచ్చు వేయించి ప్రతులు సమర్పించాక 1927లో గానీ చేతికి రాలేదు. అంటే అడుగు పెట్టిన పద్నాలుగేళ్లకు. ఇంతటి మేధావికి ‘ఓపిక లేదు’ అన్న ముద్ర వేయడం ఎవరికీ సాధ్యం కాదు గానీ, 1917లో ఆయన్ను చూసిన లండన్ గుమాస్తా ఎవరైనా ‘మానేసినవారి’ జాబితాలోనే రాసుకుని ఉంటాడు.

ఇప్పటి స్కాలర్ల లెక్క చూద్దాం. నెట్ పరీక్షతో పాటు జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వచ్చినవారికి 2023 జనవరి నుంచి నెలకు రూ.37,000, రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) కింద రూ.42,000, ఇంటి అద్దె భత్యం వేరు. అన్నీ కలిపి ఐదేళ్లు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనలు పీహెచ్‌డీకి ఇచ్చే గడువేమో కోర్స్‌వర్క్‌తో కలిపి ఆరేళ్లు. థీసిస్ రాసే ఆఖరి ఏడాది, అంటే మనసు కుదురుగా ఉండాల్సిన ఏడాది, జేబు ఖాళీ అయ్యే ఏడాది కూడా. హాస్టల్ బకాయి, ఇంట్లో ఎదురుచూపులు, గెస్ట్ ఫ్యాకల్టీ క్లాసులు అన్నీ అప్పుడే మీద పడతాయి. జేఆర్‌ఎఫ్ లేనివారి పరిస్థితి చెప్పనే అక్కర్లేదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేని స్కాలర్లకు ఏళ్ల తరబడి వచ్చింది నెలకు రూ.8,000. హైదరాబాద్‌లో ఆ డబ్బుతో గది అద్దె కడితే ఇక జిరాక్సులకు మిగలదు.

అలాగని డబ్బిస్తే చాలు, అందరూ పూర్తి చేస్తారా? అమెరికాలో మెలన్ ఫౌండేషన్ 1991 నుంచి పదేళ్లపాటు పది యూనివర్సిటీల్లోని 54 డిపార్ట్‌మెంట్లకు నిధులు పోసి చూసింది. మానవీయ శాస్త్రాల విద్యార్థులు త్వరగా, ఎక్కువమంది పూర్తి చేయాలన్నది ఆశ. ఫలితాలను 2010లో ‘ఎడ్యుకేటింగ్ స్కాలర్స్’ అనే పుస్తకంగా వేశారు. మార్పు వచ్చింది గానీ ఆశించినంత రాలేదు. డిపార్ట్‌మెంట్ ఏ దశలో ఏం ఆశిస్తోందో స్పష్టంగా చెప్పి, సలహా, పర్యవేక్షణ సరిగ్గా ఇచ్చినచోట డబ్బు పనిచేసింది. లొవిట్స్ పుస్తకంలోనూ దీనికి తోడైన సంగతి ఒకటుంది. ఏ పనీ చేయనక్కర్లేని ఫెలోషిప్ ఉన్నవారి కంటే, పాఠాలు చెప్పేవాళ్లు, ల్యాబ్‌లో సహాయకులుగా ఉన్నవాళ్లే పీహెచ్‌డీ పూర్తి చేయడంలో ముందున్నారు. చేతినిండా పని ఉన్నా వాళ్లకు ఆఫీసులో ఒక బల్ల, పక్కన కబుర్లకు ఒక మనిషి ఉన్నారు మరి.

గైడ్‌ను ముందే చదవాలి

సంబంధం చూడటానికి ఏడు తరాలు వాకబు చేసే ఇళ్లలోంచి వచ్చిన పిల్లలు గైడ్ విషయంలో మాత్రం ఎవరు ఖాళీగా ఉంటే వారి కిందకి వెళ్లిపోతారు. ఈ వాకబు కష్టమేమీ కాదు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ‘శోధ్‌గంగ’ వెబ్‌సైటు అందరికీ ఉచితం. యూనివర్సిటీ, డిపార్ట్‌మెంట్ ఎంచుకుంటే అక్కడ సమర్పించిన సిద్ధాంత గ్రంథాలు కనిపిస్తాయి. గైడ్ పేరు, పూర్తయిన సంవత్సరం రాసి ఉంటాయి. ఒక ఆచార్యుడి కింద పదిహేనేళ్లలో ఎన్ని గ్రంథాలు బయటికొచ్చాయో అరగంటలో తేలిపోతుంది. వాటిలో రెండు తెరిచి ముందుమాటలోని కృతజ్ఞతలు చదివితే ఇంకొంచెం తెలుస్తుంది. గైడ్‌కు నాలుగు ముక్తసరి వాక్యాలు, హాస్టల్ స్నేహితులకు రెండు పేజీలు ఉంటే అర్థం చేసుకోవాలి.

మరో రెండు ప్రశ్నలు తప్పకుండా అడగాలి. ఒకటి, ఇప్పటికే ఎంతమంది ఉన్నారు? 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒకేసారి ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడ్‌గా ఉండకూడదు. రెండు, రిటైర్మెంట్ ఎప్పుడు? సర్వీసు మూడేళ్ల కంటే తక్కువ మిగిలినవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. పాత స్కాలర్లకు రిటైరయ్యాక సహ పర్యవేక్షకులుగా 70 ఏళ్ల వరకు కొనసాగవచ్చు. సరిగ్గా మూడేళ్లు మిగిలిన గైడ్ దగ్గర చేరిన స్కాలర్‌కు మధ్యలో గైడ్ మారడం దాదాపు తప్పదని లెక్క చెబుతోంది. పెద్దాయన పేరు చూసి చేరేవాళ్లు ఈ లెక్క వేసుకోరు.

పేరున్న గైడ్ మంచిదా, సమయమున్న గైడ్ మంచిదా అంటే, పట్టా చేతికి రావడం వరకు చూసుకుంటే సమయమున్న గైడే మేలు. పేరు వైవా తర్వాత పనికొస్తుంది.

మధ్య ఏళ్ల మౌనం

మొదటి ఏడాది హడావిడి. కోర్స్‌వర్క్, పరీక్షలు, సెమినార్లు, క్యాంటీన్. ఆఖరి ఏడాది కూడా హడావిడే. ప్రీ-సబ్మిషన్ సెమినార్, ప్లేజియరిజం రిపోర్టు, బైండింగ్, నో డ్యూస్ కోసం ఆఫీసుల చుట్టూ ప్రదక్షిణలు. ఈ రెండింటి నడుమ రెండు మూడేళ్లపాటు స్కాలర్ ఉదయం లేచి ఫలానా చోటికి ఫలానా సమయానికి వెళ్లాలని చెప్పేవారుండరు. ఇరవై ఏళ్లు టైమ్‌టేబుల్ మీద బతికిన మనిషికి ఒక్కసారిగా టైమ్‌టేబుల్ లేకుండా పోతుంది. అమెరికాలో అన్నీ అయ్యి థీసిస్ ఒక్కటే మిగిలినవారికి ‘ఏబీడీ’ (ఆల్ బట్ డిసర్టేషన్) అని పేరే పెట్టారు. చాలామంది బండి ఆ స్టేషన్‌లోనే నిలిచిపోతుంది కాబట్టి పేరు అవసరమైంది.

ఈ నిలిచిపోవడం ఎలా ఉంటుందో చూడాలంటే నాలుగో ఏడాది స్కాలర్ ఫోన్‌లో గైడ్‌తో నడిచిన వాట్సాప్ తెరిస్తే చాలు. జూన్‌లో: ‘సార్, రెండో చాప్టర్ వచ్చే వారం పంపిస్తాను.’ జవాబు: ‘ఓకే.’ ఆ తర్వాత వినాయక చవితి శుభాకాంక్షలు. దానికి రెండు చేతులు జోడించిన బొమ్మ. దసరా శుభాకాంక్షలు, మళ్లీ చేతులు. సంక్రాంతి, ముగ్గు బొమ్మతో సహా. చాప్టర్ జాడ లేదు. ఈలోగా డిపార్ట్‌మెంట్‌లో సార్ గది ముందు నుంచి కాకుండా వెనక మెట్ల మీదుగా ఎక్కడం అలవాటవుతుంది. ఫెలోషిప్ కాగితాల మీద సంతకం కావాల్సిన రోజున తప్ప ముఖం చూపించరు. ఆ రోజు కూడా మాట సంతకం వరకే. గైడ్ మాత్రం ‘పిల్లాడు ఏదో సీరియస్‌గా రాసుకుంటున్నట్టున్నాడు’ అనుకుంటుంటారు, లేదా అసలు అనుకోరు.

ఇక్కడ సోమరితనం కంటే సిగ్గు పాలు ఎక్కువ. ఆలస్యమైన కొద్దీ ‘ఇంత కాలం తీసుకున్నాను కాబట్టి ఇంకా బాగా ఉండాలి’ అనిపిస్తుంది. బాగా ఉండాలనుకున్న కొద్దీ ఇంకా ఆలస్యమవుతుంది. బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలో 3,659 మంది పీహెచ్‌డీ విద్యార్థుల మీద జరిపిన అధ్యయనం 2017లో అచ్చయింది. దాదాపు మూడింట ఒక వంతు మంది మానసిక రుగ్మత, ముఖ్యంగా డిప్రెషన్, ముప్పులో ఉన్నారని తేలింది. గైడ్ వ్యవహరించే తీరు, పనికీ ఇంటికీ మధ్య నలిగిపోవడం ఈ ముప్పుతో ముడిపడి కనిపించాయి. నిద్ర పట్టకపోవడం, క్యాంపస్ పేరెత్తితే కడుపులో తిప్పడం మొదలైతే దాన్ని చాప్టర్ సమస్యగా చూడకూడదు, డాక్టర్‌కు చూపించుకోవాలి.

మౌనం తెంచడానికి గొప్ప ధైర్యం అక్కర్లేదు, చిన్న కాగితం చాలు. చాప్టర్ పంపుతానని మాటివ్వడం మానేసి రెండు పేజీలు పంపాలి. అవి బాగా లేవని ముందే చెప్పి పంపాలి. ‘సార్, మొదటి పేజీలో వాదన కుదిరినట్టుంది, రెండో పేజీలో పట్టిక ఎలా చదవాలో తెలియడం లేదు’ అని రాస్తే జవాబు చెప్పడం గైడ్‌కు కూడా సులువు. నలభై పేజీల చాప్టర్ బల్ల మీద నెలలు పడి ఉంటుంది, రెండు పేజీలు కారిడార్‌లో నిలబడి చదివేయవచ్చు. కలిసిన ప్రతిసారీ ఏం అనుకున్నారో ఐదు వాక్యాల్లో ఆ సాయంత్రమే మెయిల్ చేయాలి. రేపు గైడ్ మాట మార్చినా, మర్చిపోయినా, మారిపోయినా ఆ మెయిళ్లే దారి చూపిస్తాయి.

ప్రతి సెమిస్టర్‌కూ పరిశోధక సలహా సంఘం ముందు ప్రగతి చెప్పుకోవాలని యూజీసీ నిబంధన ఉంది. చాలాచోట్ల దీన్ని టీ, బిస్కెట్లు, సంతకాలతో ముగించేస్తారు. తెలివైన స్కాలర్ అక్కడ కూర్చున్న మిగతా సభ్యులను తన పని తెలిసినవాళ్లుగా మార్చుకుంటారు. గైడ్‌తో చెడినప్పుడు ‘ఈ అమ్మాయి పని మాకు తెలుసు’ అనే గొంతు ఒక్కటి ఉన్నా పరిస్థితి వేరుగా ఉంటుంది.

రాయడం గురించి ఒక సరదా ప్రయోగం. రాబర్ట్ బోయిస్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త అధ్యాపకులను గుంపులుగా విడదీశారు. కొందర్ని అత్యవసరమైతే తప్ప రాయొద్దన్నారు, కొందర్ని మూడ్ వచ్చినప్పుడు రాయమన్నారు, మిగతావారిని మూడ్ ఉన్నా లేకపోయినా అనుకున్న రోజున రాసి తీరాలన్నారు. రాయకపోతే వాళ్లకు అస్సలు గిట్టని సంస్థకు వాళ్ల డబ్బు విరాళంగా వెళ్లిపోతుంది! పేజీలు ఎక్కువ రాసింది మూడో గుంపే. విచిత్రమేమిటంటే కొత్త ఆలోచనలు ఎక్కువ వచ్చింది కూడా వాళ్లకే. అన్నీ చదివాక రాద్దామనుకునేవాళ్లకు ఈ ప్రయోగం గురించి చెప్పాలి.

టాపిక్ పరిమాణం కూడా ముగింపును నిర్ణయిస్తుంది. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన సి.ఆర్.రావు 1946లో కేంబ్రిడ్జ్ వెళ్లింది అక్కడి మ్యూజియంలో ఉద్యోగానికి. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడం ఆయన పని. ఉద్యోగం చేస్తూనే ఆర్.ఎ.ఫిషర్ పర్యవేక్షణలో పీహెచ్‌డీకి చేరి 1948లో ముగించారు. అప్పటికే ఆయన గణాంక శాస్త్రంలో పేరు నిలిచిపోయే పరిశోధన పత్రం 1945లో రాసేశారన్నది నిజమే, అందరూ సి.ఆర్.రావులు కాలేరు. నేర్చుకోగలిగింది మాత్రం ఒకటుంది. ఆయన ప్రశ్న చేతిలో ఉన్న సమాచారంలోంచి పుట్టింది. ఏ కొలతలున్నాయో, ఎంతకాలం ఉండాలో తెలుసు. ‘తెలుగు నవలలో స్త్రీ’, ‘తెలంగాణలో వ్యవసాయం: ఒక అధ్యయనం’ లాంటి టాపిక్‌లకు ముగింపు ఎక్కడో రాసేవాళ్లకూ తెలియదు, పరీక్షకులకూ తెలియదు.

ఇల్లు, పెళ్లి, ఉద్యోగం

2021-22లో దేశంలోని పీహెచ్‌డీ విద్యార్థుల్లో సగానికి కొంచెం తక్కువగా అమ్మాయిలున్నారు. వాళ్లు మానేయడాన్ని ‘పెళ్లి’ అనే ఒక్క మాటలో తేల్చేయడం అన్యాయం. పెళ్లితో ఊరు మారడం, కాన్పు, పసిబిడ్డ, అత్తవారింట్లో ‘ఇంకా అదే చదువా’ అన్న ప్రశ్న కలిసి ఆపుతాయి. వీటిలో కొన్నింటికి నిబంధనల్లోనే మందు ఉంది. మహిళా స్కాలర్లకు, 40 శాతానికి పైగా వైకల్యం ఉన్నవారికి గడువు మీద అదనంగా రెండేళ్లు దొరుకుతాయి. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు తీసుకోవచ్చు. పెళ్లి వల్ల గానీ మరే కారణంతో గానీ వేరే ఊరు వెళ్లాల్సి వస్తే, అప్పటిదాకా సేకరించిన పరిశోధన సమాచారాన్ని అక్కడి సంస్థకు బదిలీ చేసుకునే వీలు 2022 నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ఆఫీసులో గుమాస్తా ఇవి తనంతట తాను చెప్పడు. నిబంధన ప్రింట్ తీసి బల్ల మీద పెడితే ఫైలు కదులుతుంది.

రిలీవ్ చేసి పంపని కాలేజీలో పనిచేస్తూ పార్ట్‌టైమ్‌లో చేసే లెక్చరర్ల బాధ మరో రకం. వాళ్లకు స్కాలర్ల గది ఉండదు, సహచరులుండరు, ఆదివారాలే ఉంటాయి. అలాంటివారికి తమలాంటి మరొకరితో వారానికోసారి ఫోన్‌లో ‘ఏం రాశావు?’ అని ఒకరినొకరు అడిగే ఒప్పందం పెద్ద ఆసరా.

మానేయాలనుకుంటే

మానేయడం ప్రతిసారీ ఓటమి కాదు. బ్రయాన్ మే 1970లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో సౌరకుటుంబపు ధూళి మీద పరిశోధన మొదలుపెట్టి, 1974లో వదిలేసి ‘క్వీన్’ రాక్ బృందంతో గిటార్ పట్టుకుని ప్రపంచమంతా తిరిగారు. అదే థీసిస్‌ను 2007లో పూర్తి చేశారు. మధ్యలో ఆ ధూళిని పెద్దగా ఎవరూ పట్టించుకోకపోవడం ఆయనకు కలిసొచ్చింది. ఇక లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్ వదిలిన కథ చెప్పుకుని ధైర్యం తెచ్చుకునేవాళ్లు ఒకటి మర్చిపోతారు. వాళ్లు పరిశోధనకు మొహం చాటేయలేదు. ఆ పరిశోధనే పెరిగి పెరిగి 1998లో గూగుల్ అనే కంపెనీ అయింది.

మానేసే ముందు స్కాలర్ తనకు తాను వేసుకోవాల్సిన ప్రశ్నలు సూటిగా ఉంటాయి. ఇదే టాపిక్ వేరే గైడ్ దగ్గర అయితే ఉంటావా? ఉంటానంటే మార్చాల్సింది గైడ్‌ను. నెలకు ఇంకో పదిహేను వేలు వస్తే ఉంటావా? ఉంటానంటే వెతకాల్సింది డబ్బు కోసం. గైడ్ మారినా, డబ్బు వచ్చినా, ఈ పని చేస్తూ పదేళ్లు బతకాలనిపించడం లేదంటే అప్పుడు మానేయడం సరైన నిర్ణయం. వెనక మెట్ల మీదుగా కాకుండా ముందు తలుపులోంచి, గైడ్‌కు చెప్పి, కోర్స్‌వర్క్ సర్టిఫికెట్ చేతిలో పట్టుకుని వెళ్లాలి.

అమెరికాలో ఎఫ్-1 వీసా మీద పీహెచ్‌డీ చేస్తున్న తెలుగు పిల్లలకు ఇది మర్యాద విషయం మాత్రమే కాదు. అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు అనుమతితో చదువు విరమిస్తే దేశం విడిచి వెళ్లడానికి 15 రోజులు ఉంటాయి. చెప్పకుండా మానేస్తే ఆ గడువూ ఉండదు. చాలా డిపార్ట్‌మెంట్లలో మధ్యలో మాస్టర్స్ పట్టా తీసుకుని బయటపడే వీలుంది. అలా ఒక కోర్సు పూర్తి చేసి వెళ్తే 60 రోజుల వ్యవధి దొరుకుతుంది. కాబట్టి గైడ్‌తో గొడవపడి ఆవేశంలో మెయిల్ కొట్టే ముందు ఆ ఆఫీసు మెట్లెక్కాలి.

భారతదేశంలో చదువుతున్నవారు ఈ అధ్యాయం మూసే ముందు ఒక పని చేయండి. మీ అడ్మిషన్ ఉత్తర్వు తీసి చేరిన తేదీ చూడండి. దానికి ఆరేళ్లు కలపండి. ఆ తేదీ దాటితే రీ-రిజిస్ట్రేషన్ ద్వారా మరో రెండేళ్లకు మించి దొరకదు, దానికి దరఖాస్తు గడువు ముగియకముందే పెట్టుకోవాలి. ఆ తేదీని కాగితం మీద రాసి, రెండు పేజీల డ్రాఫ్ట్‌తో పాటు ఈ వారమే మీ గైడ్ దగ్గరికి తీసుకెళ్లండి.